వాండర్‌బిల్ట్ రాయని ఉత్తరం

అందరికీ నమస్కారం. స్టాంపులు, నాణేలు, పాత కవర్లు పోగుచేసేవాళ్ల మధ్య నిలబడి పాత ఉత్తరాల గురించి మాట్లాడాలంటే కొంచెం ధైర్యమే కావాలి. మీకు కవరు మీద ఉన్నది ముఖ్యం, నాకు లోపల ఉన్నది ముఖ్యం. అందుకని ముందే పంచుకుందాం: స్టాంపులు మీకు, కాగితాలు నాకు. (నవ్వులు)

నాకు అమెరికా తొలితరం వ్యాపారుల ఉత్తరాలు సేకరించే పిచ్చి ఉందని తెలిసినవాళ్లు, నేనుండే ఫిలడెల్ఫియాలో గానీ ఇక్కడ గానీ, మొదట అడిగేది ఒక్కటే ఉత్తరం గురించి. ఓడల వ్యాపారంతో కోటీశ్వరుడైన కొర్నీలియస్ వాండర్‌బిల్ట్ ఉత్తరం. మేనేజ్‌మెంట్ చదివిన పిల్లలైతే కంఠతా అప్పజెప్తారు. 1853లో ఆయన నార్త్ స్టార్ అనే సొంత ఆవిరి ఓడలో కుటుంబాన్నంతా ఎక్కించుకుని యూరప్ షికారుకు వెళ్లాడు. ఆ కాలంలో నికరాగువా మీదుగా కాలిఫోర్నియాకు జనాన్ని చేరవేసే, ఆయన పెట్టిన కంపెనీ ఒకటుండేది. ఈయన ఊళ్లో లేనిది చూసి ఛార్లెస్ మోర్గాన్, కొర్నీలియస్ గారిసన్ అనే ఇద్దరు దాన్ని చేజిక్కించుకుని, ఈయనకు రావలసిన డబ్బు ఎగ్గొట్టారు. తిరిగొచ్చాక ఆయన వాళ్లకు రాశాడంటారు: నన్ను మోసం చేశారు, మీ మీద దావా వెయ్యను, కోర్టులతో ఆలస్యం, మిమ్మల్ని సర్వనాశనం చేస్తాను, అని.

అద్భుతమైన ఉత్తరం. వేలానికి వస్తే ఇల్లమ్మి కొనేవాళ్లున్నారు. చిక్కేమిటంటే, దాన్ని చూసినవాడు లేడు. అసలు ప్రతి లేదు, నకలు లేదు, అందుకున్నవాళ్ల కాగితాల్లో ప్రస్తావనా లేదు. 1877లో ఆయన పోయాక పత్రికల్లో వచ్చిన సంతాప వ్యాసంలో మొదటిసారి కనిపిస్తుంది. అంటే జరిగిందన్న ఇరవై నాలుగేళ్లకి. పైగా కోర్టుకెక్కడం ఆయనకు కొత్తా ఏమిటి? కుర్రతనంలో ఓడ నడిపే రోజుల నుంచీ ఆయన చుట్టూ దావాలే. ఇంకో సంగతి, ఆయనకు రాయడమంటే గిట్టదు. పదకొండేళ్లకే బడి మానేసినవాడు. చెవికి ఎలా వినబడితే అలా స్పెల్లింగ్ వేసేవాడు. అంత నునుపైన మూడు వాక్యాలు ఆయన కలం నుంచి వచ్చాయంటే నాకైతే నమ్మబుద్ధి కాదు. ఎవరో విలేకరి చెక్కిన బొమ్మ అది.

మన రంగంలో ఇది మామూలే. పేరుమోసిన ఉత్తరం ఉండదు. ఉన్న ఉత్తరాలకు పేరుండదు. నేను ఇవాళ ఆ ఉన్నవాటి గురించే చెప్తాను. అవి ఎందుకు మిగిలాయి, ఎవరు మిగిల్చారు అన్నది నాకు ముఖ్యం. కోటీశ్వరులు మిగల్చలేదు. గుమాస్తాలు మిగిల్చారు.

మా ఊరి మనిషి స్టీఫెన్ గిరార్డ్‌తో మొదలుపెడతాను. 1750లో ఫ్రాన్స్‌లో బోర్డో రేవుపట్నంలో పుట్టాడు. చిన్నప్పటి నుంచే కుడి కన్ను లేదు. ఓడల్లో తిరిగి తిరిగి 1776లో ఫిలడెల్ఫియా చేరి అక్కడే పాతుకుపోయాడు. ఓడలకు వోల్టేర్, రూసో, మాంటెస్క్యూ అని తత్త్వవేత్తల పేర్లు పెట్టుకున్నాడు. 1812లో సొంత బ్యాంకు తెరిచాడు. మరుసటి ఏడాది ఇంగ్లండుతో యుద్ధానికి ప్రభుత్వం దగ్గర డబ్బు అడుగంటితే, కోటీ అరవై లక్షల డాలర్ల రుణం నిలబెట్టినవాళ్లలో ఈయన ఒకడు. 1831లో పోయాడు. పిల్లల్లేరు. ఆస్తిలో సింహభాగం అనాథ పిల్లల బడి కోసం నగరానికి రాసిచ్చాడు. ఆస్తితో పాటు కాగితాలూ ఒక్కచోటే ఉండిపోయాయి. వచ్చిన ఉత్తరాలున్నాయి, వెళ్లినవాటి నకళ్లూ ఉన్నాయి. వారసులు పంచుకుని ఉంటే ఆ పెట్టెలు పదిళ్లకు చెదిరేవి. బడి పెట్టాడు కాబట్టి బతికాయి.

రెండు వైపులా ఉండటం ఎంత అరుదో ఈ వ్యాపకంలో ఉన్నవాడికే తెలుస్తుంది. మామూలుగా మన చేతికొచ్చేది సగం సంభాషణ. టెలిఫోన్‌లో పక్కవాడు మాట్లాడుతుంటే వింటున్నట్టే.

ఇప్పుడు కాగితం సంగతికొద్దాం. గిరార్డ్ కాలపు ఉత్తరానికి కవరుండదు. ఒకే పెద్ద ఠావు, దాన్ని మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు. మూడింటి మీద రాసి, నాలుగోది బయటికి వచ్చేలా మడిచి, లక్క ముద్ర వేసి, అక్కడే చిరునామా రాసేవారు. ఎందుకంటే అమెరికా తపాలాలో 1845 వరకు రుసుము బరువును బట్టి కాదు, కాగితాల లెక్కను బట్టి, దూరాన్ని బట్టి. నాలుగు వందల మైళ్లు దాటితే ఒక్క కాగితానికి పాతిక సెంట్లు. రెండు కాగితాలైతే రెట్టింపు. కవరు వాడితే అదీ ఒక కాగితం కిందే లెక్క! డబ్బు విలువ తెలిసిన వ్యాపారి కవరు జోలికి పోతాడా? ఇక్కడున్న స్టాంపుల మిత్రులు గమనించాలి, వాళ్ల దేశంలో స్టాంపులు వచ్చింది 1847లో. అంతకుముందు మూలన చేత్తో రాసిన అంకె ఉంటుంది. అదే మీ స్టాంపు.

నా దగ్గర 1830ల నాటి ఉత్తరం ఒకటుంది. పేరు చెప్పినా ఎవరికీ తెలియని ఒక పత్తి వ్యాపారిది. ధర కూడా మన భోజనం ఖర్చుకంటే పెద్ద ఎక్కువేం కాదు. కాగితం గుడ్డపీలికలతో చేసింది కాబట్టి ఇప్పటికీ తెల్లగా, గట్టిగా ఉంది. విప్పేటప్పుడు లక్క దగ్గర కాగితం చిరిగి అర్ధరూపాయంత కన్నం పడింది. ఆ కన్నంలో మూడు మాటలు పోయాయి. ఎదురుగా ఉన్న లక్కకి ఆ చిరిగిన ముక్క ఇంకా అంటుకునే ఉంది, వెనక నుంచి వెలుగు పెడితే ఆ మూడు మాటలూ చదవొచ్చు. సిరా గోధుమరంగుకు తిరిగింది. అది మాచికాయలు, అన్నభేది కలిపి చేసే సిరా. రాసిన కొత్తలో నల్లగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ తుప్పు రంగులోకి వస్తుంది, ఎక్కువ పోసిన చోట కాగితాన్నే తినేస్తుంది. ఇక బయటి మడత మీద, చిరునామాకు అడ్డంగా, వేరే దస్తూరిలో చిన్న అక్షరాలు: రాసినవాడి పేరు, ఊరు, తేదీ, ఎప్పుడు చేరింది, ఎప్పుడు జవాబిచ్చాం. అది అందుకున్న కొట్లోని గుమాస్తా రాత. మన ఇళ్లలో దూలానికి వేలాడదీసిన తీగకు ఉత్తరాలు గుచ్చేవాళ్లం చూడండి, వాళ్లు దాని బదులు ఇలా పైన రాసి, సన్నగా మడిచి, కట్టగట్టి గూట్లో పెట్టేవాళ్లు. నేను ఏ ఉత్తరం కొన్నా మొదట తిప్పి చూసేది ఆ అడ్డం రాతనే. దొంగ ఉత్తరం తయారుచేసేవాడు సంతకం మీద నెల రోజులు సాధన చేస్తాడు, గుమాస్తాని మాత్రం మర్చిపోతాడు.

ఇంకో తమాషా. ఒకే ఉత్తరం రెండుసార్లు, మూడుసార్లు దొరుకుతుంది. ఓడ మునిగినా, శత్రువులు పట్టుకున్నా సమాచారం చేరాలి కదా. అందుకని అదే ఉత్తరాన్ని రెండో ఓడలో ఒకటి, మూడో ఓడలో ఇంకొకటి పంపేవాళ్లు, పైన ‘డూప్లికేట్’ అని రాసి. కొత్తగా వచ్చినవాళ్లు ఆ మాట చూసి ఇది నకిలీ అని వదిలేస్తారు. వదిలేస్తే మాలాంటివాళ్లకు మంచిదే. (నవ్వులు) ఒళ్లంతా గుమాస్తా రాసినా, అడుగున సంతకం యజమానిదే.

తర్వాతి తరం వచ్చేసరికి నకలు తీయడానికి యంత్రం వచ్చింది. జేమ్స్ వాట్ 1780లోనే పేటెంటు తీసుకున్నాడు, వ్యాపార కార్యాలయాల్లో మాత్రం పందొమ్మిదో శతాబ్దంలో స్థిరపడింది. తడిపిన పలచటి కాగితం ఉత్తరం మీద వేసి, ఇనుప మరలో పెట్టి బిగిస్తే, సిరా కొంచెం దానికి అంటుకుంటుంది. అక్షరాలు తిరగబడి పడతాయి, కాగితం పలచన కాబట్టి వెనక వైపు నుంచి చూస్తే సరిగ్గా కనిపిస్తాయి. అలాంటి పలచటి కాగితాలు వందలకొద్దీ కలిపి కుట్టిన పుస్తకాలే ఆ కాలపు కంపెనీల జ్ఞాపకశక్తి. దీనివల్ల కొనేవాడికి ఒక ఉపకారం జరిగింది. మర కింద నలిగిన అసలు ఉత్తరంలో అక్షరాల అంచులు కాస్త చెదిరి ఉంటాయి, తడి తగిలినట్టు. 1870ల నాటి వ్యాపారి ఉత్తరం మచ్చ లేకుండా ఉండి, పక్కనే అలా కాస్త చెదిరింది ఇంకొకటి ఉంటే, నేను చెదిరినదాన్నే ముందు చేతిలోకి తీసుకుంటాను.

సరే, వీటిలో ఏముంటుంది? తొంభై పాళ్లు ధరలు. మిరియాలు ఇంత, పత్తి ఇంత, ఫలానా హుండీ, అంటే డబ్బు చెల్లించమని రాసిచ్చే చీటీ, చెల్లలేదు. ఓపికగా చదివితే మధ్యలో ఏనుగులు కనిపిస్తాయి. నిజం ఏనుగే. 1795 చివర్లో మసాచుసెట్స్‌లోని సేలం పట్నపు ఓడ కెప్టెన్ జేకబ్ క్రౌనిన్‌షీల్డ్ కలకత్తా నుంచి అన్నదమ్ములకు రాశాడు. రెండేళ్ల ఏనుగుపిల్లను 450 డాలర్లకు కొన్నాను, మీరు నవ్వుతారని తెలుసు, నాకేం ఫర్వాలేదు, మావటీనైపోతాను, అని. అంతకుముందు అమెరికా గడ్డ మీద జనం ఏనుగును చూసింది లేదు. ఆ ఓడ పేరు కూడా ‘అమెరికా’యే. ఓడ దినచర్య పుస్తకంలో, సెయింట్ హెలీనా దీవి దగ్గర గుమ్మడికాయలు, క్యాబేజీలు, ఏనుగుకు ఆకుకూరలు ఎక్కించినట్టు రాసి ఉంది. రాసింది నథానియెల్ హాథోర్న్, ఆ పేరుతోనే తర్వాత ప్రసిద్ధుడైన నవలాకారుడి తండ్రి. 1796 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో దిగింది. పదివేల డాలర్లకు అమ్ముడుపోయిందని అప్పట్లో చెప్పుకున్నారు. అన్నదమ్ములు ఆ తర్వాత కూడా నవ్వారో లేదో!

ఏనుగు బాగుంది గానీ, అదే కట్టల్లో నల్లమందు కూడా ఉంటుంది. గిరార్డ్ తన ఏజెంట్లకు నల్లమందు మీద గట్టిగా డబ్బు పెట్టమని రాశాడు. జాన్ జేకబ్ ఆస్టర్ 1816లో టన్నులకొద్దీ టర్కీ నల్లమందు కొని చైనాకు ఎక్కించాడు. జర్మనీలో వాల్‌డార్ఫ్ అనే ఊళ్లో కసాయివాడి కొడుకుగా పుట్టి, తోళ్ల వ్యాపారంతో అమెరికాలో అందరికంటే ధనికుడైన మనిషి. తన చేత్తో రాసిన ఇంగ్లీషు చూస్తే జర్మన్ చెవితో విన్న ఇంగ్లీషులా ఉంటుంది. వేలం జాబితాల్లో ఆస్టర్ సంతకం ఉంటే చాలు, పెద్ద అక్షరాలతో వేస్తారు. సరుకేమిటన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా ఉండదు. పట్టుదల, పొదుపు, క్రమశిక్షణ అని నాలుగు మంచి మాటలున్న ఉత్తరానికి గిరాకీ ఎక్కువ, ఆఫీసు గోడకు కట్టుకోవచ్చని. నాకు ఆ గిరాకీ అర్థమవుతుంది గానీ గౌరవం లేదు. బానిసల గురించి, నల్లమందు గురించి మామూలు సరుకు గురించి రాసినట్టే ఏ తడబాటూ లేకుండా రాసిన ఉత్తరం ముందు, ఆ మంచి మాటలన్నీ తేలిపోతాయి.

మనకు దగ్గరి ఉత్తరాలు ఎవరివయ్యా అంటే, ఫ్రెడరిక్ ట్యూడర్‌వి. మద్రాసులో ట్రిప్లికేన్ దగ్గర సముద్రపు ఒడ్డున ఐస్ హౌస్ తెలియని పెద్దవాళ్లు ఈ హాల్లో ఉండరు. ఇప్పుడు వివేకానంద ఇల్లంటారు. 1842లో దాన్ని కట్టించింది ఈ బోస్టన్ వ్యాపారే, మసాచుసెట్స్ చెరువుల్లో కోసిన మంచు దాచడానికి! 1806లో మొదటి ఓడ మార్టినీక్ దీవికి వెళ్తే బోస్టన్ పత్రిక ఎగతాళి చేసింది, ఇది జారుడు బేరం కాకపోతే చాలని. ఆ ప్రయాణంలో నష్టమే మిగిలింది. అప్పుల కింద జైలుకూ వెళ్లొచ్చాడు. 1833లో టస్కనీ అనే ఓడలో 180 టన్నుల మంచు కలకత్తాకు బయలుదేరితే, నాలుగు నెలలు ప్రయాణించి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, సుమారు వంద టన్నులు చేరింది. కాపాడింది రంపపు పొట్టు. కలప మిల్లులవాళ్లు పారేసే పొట్టు, చలికాలం పనిలేక కూర్చునే కూలీలు, సరుకు లేక ఖాళీగా వెళ్లే ఓడలు: ఈ మూడింటినీ కలిపి డబ్బు చేసుకున్నాడాయన.

ఆయన 1805 ఆగస్టులో మంచు కోసమే ఒక డైరీ మొదలుపెట్టాడు. దాని మీద రాసుకున్న మాట ఏమిటంటే, మొదటి దెబ్బకే వెనక్కి తగ్గేవాడు యుద్ధంలోగానీ ప్రేమలోగానీ వ్యాపారంలోగానీ వీరుడు కాడు, కాలేడు, అని. ఆయన డైరీలు ఇప్పుడు హార్వర్డ్ బిజినెస్ స్కూల్ బేకర్ లైబ్రరీలో ఉన్నాయి. ఆస్టర్ కాగితాలూ అక్కడే. మద్రాసులో మంచుగడ్డ మొదటిసారి పట్టుకున్న మన మనిషి ఏమన్నాడో ఎవరూ రాయలేదు, అది నాకు పెద్ద వెలితి. 1870ల్లో ఇక్కడే యంత్రాలతో మంచు తయారుచేయడం మొదలయ్యాక ఆ వ్యాపారం కరిగిపోయింది. ఈ మాట కావాలని అనలేదు. (నవ్వులు)

ఇక లేని ఉత్తరాల్లో అన్నిటికంటే బాధపెట్టేవి బ్యాంకరు జె. పి. మోర్గాన్‌వి. తండ్రి జూనియస్ లండన్‌లో, కొడుకు పియర్‌పాంట్ న్యూయార్క్‌లో. 1857 నుంచి 1890లో తండ్రి పోయేదాకా, ముప్పై మూడేళ్లు, వారానికి రెండుసార్లు కొడుకు రాశాడు: అమెరికాలో ఏ రైలు కంపెనీ పరిస్థితేమిటి, ఎవరిని నమ్మొచ్చు, ఎవరిని నమ్మకూడదు. తండ్రి వాటిని బైండు చేయించి దాచాడు. 1911లో కొడుకు వాటన్నిటినీ తగలబెట్టేశాడు. ఆ మనిషి ఎవరనుకుంటున్నారు? కుర్రవాడిగా ఉన్నప్పుడే అమెరికా అధ్యక్షుడు ఫిల్మోర్ సంతకం సంపాదించినవాడు, రాతప్రతుల కోసం న్యూయార్క్‌లో పాలరాతి గ్రంథాలయం కట్టించినవాడు. ఉత్తరం బయటపెట్టే సంగతులేమిటో సేకర్తకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది!

దానికి పూర్తి విరుద్ధం ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ. 1868 డిసెంబరులో న్యూయార్క్ సెయింట్ నికొలస్ హోటల్లో కూర్చుని తనకు తానే ఒక కాగితం రాసుకున్నాడు. వయసు ముప్పై మూడు, రాబడి ఏడాదికి యాభై వేల డాలర్లు. రెండేళ్లలో అన్నీ సర్దుకుని, అంతకు మించి సంపాదించను, ఆక్స్‌ఫర్డ్‌లో స్థిరపడి బాగా చదువుకుంటాను, ధనం కూడబెట్టడం విగ్రహారాధనల్లోకెల్లా నీచమైనది, అని. తర్వాత ఏమైందో మీకు తెలుసు. మరో ముప్పై రెండేళ్లు సంపాదించి, 1901లో ఉక్కు కంపెనీని 48 కోట్ల డాలర్లకు అమ్మాడు. కొన్నది మోర్గాన్. ఆ కాగితాన్ని మాత్రం కార్నెగీ చింపెయ్యలేదు, జీవితాంతం తనను వెక్కిరిస్తున్నా దాచుకున్నాడు. ఆయన వేల గ్రంథాలయాలు కట్టించాడని పొగుడుతారు, నాకు ఆయన మీద గౌరవం ఎక్కువగా ఈ ఒక్క కాగితం వల్లే.

వ్యాపారం వైపు రెండు మాటలు చెప్పి ముగిస్తాను. పందొమ్మిదో శతాబ్దంలో ఆల్బమ్‌ల కోసం ఉత్తరం అడుగుభాగం కత్తిరించి సంతకం ఒక్కటే అంటించుకునే జబ్బు ఉండేది. తల లేని మొండెం మ్యూజియంలో, తల ఎవరి ఆల్బమ్‌లోనో. ఇవాళ దానికి కొత్త రూపం, ఒక కుటుంబపు కట్టనంతా వేలంలో కొని, ఒక్కో ఉత్తరం విడదీసి అమ్మడం. ఎక్కువ డబ్బు వస్తుంది, నిజమే. కానీ ‘మీ పోయిన ఉత్తరంలో రాసినట్టు’ అని మొదలయ్యే ఉత్తరం, ఆ పోయిన ఉత్తరం లేకుండా ఏం చెప్తుంది? సంతకమే కావాలనుకునేవాళ్లు స్టాండర్డ్ ఆయిల్ అనే చమురు కంపెనీ తొలినాళ్ల షేరు పత్రం కొనుక్కోవచ్చు. రాక్‌ఫెల్లర్ అధ్యక్షుడిగా, ఫ్లాగ్లర్ కార్యదర్శిగా, ఇద్దరి సంతకాలూ ఒకే కాగితం మీద ఉంటాయి. దానివల్ల ఏ కట్టా చెదరదు. దొంగలూ ఉన్నారు. మా ఫిలడెల్ఫియాలోనే రాబర్ట్ స్ప్రింగ్ అనే పుస్తకాల వ్యాపారి పాత పుస్తకాల్లో ఖాళీ కాగితాలు చించి, వాషింగ్టన్, ఫ్రాంక్లిన్ రాతలు తయారుచేసి అమ్మాడు. ఇప్పుడు స్ప్రింగ్ చేసిన దొంగరాతల్ని పోగుచేసేవాళ్లూ ఉన్నారు!

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, మా తాతగారి వ్యాపార ఉత్తరాలు ఇంట్లో ఉన్నాయి. లామినేషన్ చేయిస్తే సరిపోతుందా?

వద్దమ్మా, దయచేసి ఆ పని చెయ్యొద్దు. మనవాళ్లు సర్టిఫికెట్టు కనిపిస్తే చాలు లామినేట్ చేస్తారు. ఒకసారి వేడికి ప్లాస్టిక్ అతుక్కుంటే కాగితం మళ్లీ విడిపోదు, లోపలే ఊపిరాడక గోధుమరంగుకు తిరుగుతుంది. టేపు కూడా వద్దు. పాలియెస్టర్ కవర్లో వదులుగా పెట్టి, ఆమ్లం లేని అట్టపెట్టెలో పడుకోబెట్టండి. గోడకు ఫ్రేమ్ కట్టాలనిపిస్తే ఫోటో తీసి ఆ ఫోటోకు కట్టండి. తీగకు గుచ్చి ఉన్నాయా? అయితే తియ్యకముందు అదే వరసలో నంబర్లు వేసి ఫోటోలు తీయండి. ఆ వరస మీ తాతగారి గుమాస్తాది.

ప్రశ్న: కొనే స్తోమత లేనివాళ్లు ఏం చేయాలండీ?

కొనక్కర్లేదు. చాలా కాగితాలు గ్రంథాలయాల్లోనే ఉన్నాయి. డూపాంట్ కుటుంబం తుపాకిమందు తయారుచేసిన చోటే, డెలవేర్‌లో హాగ్లీ గ్రంథాలయం ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో రాక్‌ఫెల్లర్ ఆర్కైవ్ ఉంది. కార్నెగీవి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. ఇవాళ్టికైతే నేను తెచ్చినవి ఆ బల్ల మీద ఉన్నాయి. గ్లవ్స్ అడుగుతున్నారు కొందరు, అవసరం లేదు, గ్లవ్స్ వేసుకుంటే కాగితం అంచు వేళ్లకు తెలియక చిరుగుతుంది. చేతులు కడుక్కుని బాగా తుడుచుకుని రండి, పెన్నులు జేబులోంచి తీసి ఇక్కడ పెట్టండి, టీ గ్లాసులు బయటే వదలండి. ఏదైనా చేతిలోకి తీసుకుంటే ముందు వెనక్కి తిప్పి చూడండి.